సైకిలుపై నాగలాపురమునకు

కార్వేటినగరమున వేణుగోపాలస్వామిని దర్శించి ఉదయమున సైకిలెక్కినవారు సాయంకాలమునకు నాగలాపురము చేరగలరు. వేణుగోపాల ముద్రతో పదములు రచించిన సారంగపాణి ఈ సంస్థానపు కవియే. బస్సు త్వరగా చేర్చును గాని దారిని చూపదు.

పుత్తూరు దాటి నారాయణవనము చేరుసరికి అరుణానది కనబడును. నది యనగానే నీటిని తలచువారు నిరాశపడుదురు. ఏడాదిలో పెక్కునెలలు అచట ఇసుకయే. అయినను ఊళ్ళన్నియు ఆ యిసుకనే అంటిపెట్టుకొని యున్నవి. నీరు దాని అడుగున నున్నది, బావులలో నున్నది, వానలకు నిండిన చెరువులలో నున్నది. చెరువుకట్టల మీదుగా తొక్కునపుడు ఈ సంగతి కాళ్ళకు కూడ తెలియును. పిచ్చాటూరు వద్ద ఈ నదికే ఆనకట్ట కట్టి ఆరణియార్ జలాశయమును నిర్మించిరి.

నాగలాపురము శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేర వెలయించినదని ప్రసిద్ధి. అచటి వేదనారాయణస్వామి ఆలయమున మార్చి నెలలో సూర్యపూజ జరుగును. సాయంకాలపు కిరణములు గోపురద్వారము గుండ గర్భగుడి చేరి మొదటినాడు స్వామి పాదములను, రెండవనాడు నాభిని, మూడవనాడు శిరస్సును తాకును.

ఒక యేడు ఆ మూడవనాటికే నేను బయలుదేరితిని. త్రోవలో తుమ్మముల్లు గ్రుచ్చుకొని టైరు గాలి పోయినది. ఎండలో రెండు క్రోసులు సైకిలు త్రోసికొని పోవుచుండగా బావిగట్టున నున్న రైతొకడు పిలిచి, "నీళ్ళు తాగి పో నాయనా, ఏట్లో లేకుంటే బాయిలో ఉండాయి" అనెను. ఆ నీటి రుచి నేటికిని మరువలేదు. గుడి చేరుసరికి సూర్యుడు క్రుంకియుండెను.

మరుసటి యేట పంపును, పంక్చరు సామానును వెంట గొనిపోతిని.