చంద్రుడి మీద ఉన్నది మట్టేనా?

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి చూసే ఉంటారు. తడిస్తే కాలికి అంటుకుంటుంది, ఎండితే బీటలు వారుతుంది. నీళ్లు, గాలి, జీవులు కలిసి రాయిని అలా మార్చాయి.

చంద్రుడి మీద అవేవీ లేవు. కోట్ల ఏళ్లుగా ఉల్కలు ఢీకొట్టి రాయిని పొడి చేశాయి. ఆ పొరే రెగోలిత్. అరగదీసేవి లేవు కాబట్టి దాని రేణువులు పదునుగానే ఉంటాయి. అపోలో వ్యోమగాముల సూట్లని కూడా అరగదీశాయి!

2023 ఆగస్టు 23న మన విక్రమ్ దిగినప్పుడు దాదాపు 2 టన్నుల దుమ్ము ఎగిరిందని ఇస్రో లెక్క. తర్వాత అందులోని చాస్టే పరికరం ఆ పొడిలోకి దిగి వేడి కొలిచింది. ఇస్రో మొదట ఇచ్చిన గ్రాఫ్‌లో పైన దాదాపు 50 డిగ్రీలు, 8 సెంటీమీటర్ల కింద మైనస్ 10! అంటే జానెడు కూడా లేని దుమ్ము వేడిని ఆపేస్తోంది. రేపు అక్కడ ఇల్లు కడితే, పైన కప్పేది ఈ దుమ్మే కావచ్చు.