కొనే ముందు చదవండి, కొన్నాక బిల్లు దాచండి

(పద్మాపూర్‌లో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"పిల్లలకు ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు చెప్పండి" అని ట్రస్టు పెద్దలు నన్ను అడిగారు. ఇంగ్లీషు అనగానే మనకు వ్యాకరణం, ఇంటర్వ్యూలు, కంప్యూటర్లు గుర్తొస్తాయి. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం దుకాణంలో పనికొచ్చే ఇంగ్లీషు గురించి చెబుతాను. ఎందుకంటే మన ఇళ్ళలో ఇంగ్లీషు రాక పరీక్షలో పోయిన మార్కుల కంటే, దుకాణంలో పోయిన డబ్బే ఎక్కువ అని నా నమ్మకం.

మన పరిస్థితి ఒకసారి చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. బడిలో మరాఠీ చదువుతాం. చంద్రపూర్ గోల్ బజారుకు వెళితే హిందీలో బేరం ఆడతాం. కానీ కొన్న వస్తువు మీద, దానికిచ్చిన కాగితం మీద ఉండేది మాత్రం ఇంగ్లీషు. మాట్లాడిన మాట గాలిలో పోతుంది, రాసిన మాట నిలబడుతుంది. ఆ నిలబడేది మనకు రాని భాషలో ఉంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, దసరా బోనస్ రాగానే మా బాపు అవ్వకు ఒక మిక్సీ కొన్నాడు. పన్నెండో రోజున మోటారు కాలిపోయింది. ఇద్దరం దాన్ని సంచిలో పెట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళాం. యజమాని ఏమీ మాట్లాడకుండా, తానిచ్చిన కాగితం అడుగున ఉన్న చిన్న అక్షరాల వరుస మీద వేలు పెట్టి చూపించాడు. "ఏం రాసిండ్రు బిడ్డా?" అని బాపు నన్ను అడిగాడు. క్లాసులో ఇంగ్లీషులో నాకే ఎక్కువ మార్కులు. గట్టిగా చదివాను: "గూడ్స్ వన్స్ సోల్డ్ విల్ నాట్ బి టేకెన్ బ్యాక్." చదవడం వచ్చింది గానీ అర్థం చెప్పడం రాలేదు. గూడ్స్ అంటే నాకు తెలిసింది బొగ్గు మోసుకుపోయే గూడ్సు బండి ఒక్కటే. "గూడ్సు బండి గురించి ఏదో రాసిండ్రు బాపూ" అన్నాను. కౌంటర్ దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు. బాపు నవ్వలేదు. మిక్సీ సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు.

గూడ్స్ అంటే సరుకు. సరుకు మోస్తుంది కాబట్టే అది గూడ్సు బండి. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు అని ఆ వాక్యం అర్థం. ఈ ఒక్క మాట నాకు ఆ రోజు తెలిసి ఉంటే మా బాపు తలెత్తుకుని రెండు మాటలు అడిగేవాడు. తరువాత ఇంకొకటి కూడా తెలిసింది. ఆ కాగితం పైన ఎస్టిమేట్ అని ఉంది. ఎస్టిమేట్ అంటే అంచనా, అది బిల్లు కాదు. బాపు దగ్గర డబ్బు తీసుకుని చేతిలో పెట్టింది కచ్చా కాగితం. వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర కూడా లేదు.

అందుకే పిల్లలూ, దుకాణపు ఇంగ్లీషును నాలుగు చోట్ల నేర్చుకోండి: ప్యాకెట్ మీద, ధర బోర్డు మీద, బిల్లు మీద, అప్పు కాగితం మీద.

మొదటిది ప్యాకెట్. నెట్ వెయిట్ అంటే డబ్బా, కవరు బరువు పోగా లోపలున్న సరుకు అసలు బరువు. బెస్ట్ బిఫోర్ అంటే ఆ తేదీ వరకు రుచీ నాణ్యతా బాగుంటాయని అర్థం. ఎక్స్‌పైరీ, యూజ్ బై అంటే ఆ తేదీ దాటాక తినకూడదు, వాడకూడదు. ఈ రెండింటి తేడా ఇంట్లో అమ్మకు చెప్పండి. మందుల విషయంలో ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి. తినే వస్తువు మీద ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు నంబరు 14 అంకెలతో ఉంటుంది, అది ఉందో లేదో చూడండి.

ఎం.ఆర్.పి. అంటే మ్యాగ్జిమమ్ రిటైల్ ప్రైస్, గరిష్ఠ చిల్లర ధర. మ్యాగ్జిమమ్ అనే మాటను గట్టిగా పట్టుకోండి. అది అమ్మాల్సిన ధర కాదు, దాటకూడని ధర. అంతకంటే తక్కువకు బేరం ఆడవచ్చు. దాని పక్కనే ఇన్‌క్లూజివ్ ఆఫ్ ఆల్ టాక్సెస్ అని ఉంటుంది. అంటే పన్నులన్నీ అందులోనే కలిసి ఉన్నాయి. దాని పైన మళ్ళీ జి.ఎస్.టి. వేస్తానంటే ఒప్పుకోనక్కరలేదు.

రెండవది ధర బోర్డు. 'అప్ టు 50 శాతం ఆఫ్' అని పెద్ద అక్షరాలతో రాస్తారు, అందులో అప్ టు మాత్రం చిన్నగా ఉంటుంది. అప్ టు అంటే 'వరకు'. ఏదో ఒక వస్తువు మీద 50 శాతం తగ్గించి, మిగతా వాటి మీద 5 శాతం తగ్గించినా ఆ బోర్డు అబద్ధం కాదు. అన్నిటి మీదా ఒకే తగ్గింపు ఉంటే ఫ్లాట్ అని రాస్తారు. '50 శాతం ప్లస్ 20 శాతం' అని ఉంటే 70 అనుకోకండి. వెయ్యి రూపాయల చీర మొదట 500 అవుతుంది, ఆ 500లో 20 శాతం పోతే 400. అంటే తగ్గింది 60 శాతమే. చుక్క గుర్తు పెట్టి కండిషన్స్ అప్లై అంటే 'షరతులు ఉన్నాయి, అడిగి తెలుసుకో' అని అర్థం.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అని కూడా అనుకోకండి. 200 గ్రాములు 48 రూపాయలు, 500 గ్రాములు 125 రూపాయలు అనుకుందాం. వంద గ్రాములకు లెక్క వేస్తే మొదటిది 24, రెండవది 25. ఇక్కడ చిన్నదే చవక. బడిలో నేర్చిన లెక్కలు దుకాణంలో వేయకపోతే ఇంకెక్కడ వేస్తాం?

ఆడపిల్లల తల్లిదండ్రులకు బంగారం గురించి ఒక మాట. హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులు ఉండాలి: బి.ఐ.ఎస్. ముద్ర, స్వచ్ఛత, హెచ్.యు.ఐ.డి. అనే ఆరు అక్షరాలు, అంకెల కోడ్. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ కోడ్ లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. 22 క్యారట్‌కు 916 అని ఉంటుంది. 22ను 24తో భాగించి చూడండి, ఆ అంకె ఎక్కడిదో మీకే తెలుస్తుంది. బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ కోడ్ కొట్టి సరిచూసుకోవచ్చు. మేకింగ్ ఛార్జీ అంటే మజూరీ, వేస్టేజీ అంటే తరుగు. రెండూ ఎంతెంతో బిల్లులో రాయమని అడగండి.

మూడవది బిల్లు. ఎస్టిమేట్, కొటేషన్ అని ఉంటే అది బిల్లు కాదు. క్యాష్ మెమో, ఇన్‌వాయిస్, బిల్ అని ఉండాలి. జి.ఎస్.టి. నంబరు 15 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. అందులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. 27 అంటే మహారాష్ట్ర, 36 అంటే తెలంగాణ. రిపేర్ అంటే బాగుచేయడం, రీప్లేస్‌మెంట్ అంటే పాడైన దాని బదులు అలాంటిదే కొత్తది ఇవ్వడం, ఎక్స్‌చేంజ్ అంటే మార్చుకోవడం, రీఫండ్ అంటే డబ్బు తిరిగి ఇవ్వడం. దుకాణదారు "చేసి ఇస్తాం" అంటే ఈ నాలుగింటిలో ఏదో అడగండి.

ఇప్పుడు మా బాపు చూసిన ఆ వాక్యం దగ్గరికి వద్దాం. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది. అది 2020 జూలైలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనని నిరాకరించడం కూడా అంతే. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా మనం అడగవచ్చు. కాబట్టి ఆ చిన్న అక్షరాల వరుస చూసి భయపడి వెనక్కి రావలసిన పని లేదు. అయితే ఇది లోపమున్న వస్తువుకే వర్తిస్తుంది. ఇంటికి వెళ్ళాక రంగు నచ్చలేదంటే మాత్రం దుకాణదారు ఇష్టమే.

నాలుగవది అప్పు కాగితం. మన కాలనీల్లో ఇప్పుడు ఫోను, టీవీ, బండి అన్నీ వాయిదాల మీదే వస్తున్నాయి. డౌన్ పేమెంట్, ప్రాసెసింగ్ ఫీజు, ఇ.ఎం.ఐ., పీనల్ ఛార్జీ, ఈ నాలుగు మాటలు తెలియకుండా సంతకం పెట్టకండి. సున్నా వడ్డీ అనేది ఉండదని, వడ్డీని ఇంకో రూపంలో రాబడతారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త వ్యక్తిగత రుణాలకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. అన్ని ఛార్జీలూ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి. ఆ కాగితం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన. "మాకు తెలిసిన భాషలో ఇవ్వండి" అని అడగడం తక్కువతనం కాదు, అది మన హక్కు.

అన్యాయం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తెలుగులో, మరాఠీలో కూడా మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్ ఉంది. కొన్నది ఏ ఊళ్ళో అయినా, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. రెండేళ్ళలోగా వేయాలి. వీటన్నిటికీ మొదట అడిగేది బిల్లే.

ఇంగ్లీషు మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లలకు ఒక సంగతి చెబుతాను. ఇంగ్లీషువాళ్ళు మన తెలుగు నేలకు మొదట వచ్చింది పాలించడానికి కాదు, కొనడానికి. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. అప్పుడు వాళ్ళు మన బజారులో గిరాకీలు. కొన్న బట్టలతో పాటు మాటలు కూడా పట్టుకుపోయారు. కోళికోడ్ బట్ట వాళ్ళ నోట కాలికో అయింది. మన ముంబయి డోంగ్రీ ముతక గుడ్డ డంగరీ అయింది. మన పందికొక్కు కూడా బాండికూట్ అయి వాళ్ళ నిఘంటువులో కూర్చుంది. కొనేటప్పుడు అవసరమైన మాట నేర్చుకోవడానికి వాళ్ళు సిగ్గుపడలేదు. మనమెందుకు సిగ్గుపడాలి?

కాబట్టి ఈ నాలుగు వాక్యాలు ఈరోజే నేర్చుకోండి. "హౌ మచ్ ఈజ్ దిస్?" ఇది ఎంత? "ఈజ్ దిస్ ద ఫైనల్ ప్రైస్?" ఇదే ఆఖరి ధరా? "మే ఐ హావ్ ద బిల్, ప్లీజ్?" బిల్లు ఇస్తారా? "ప్లీజ్ స్టాంప్ ద వారంటీ కార్డ్." వారంటీ కార్డు మీద ముద్ర వేయండి. గొంతు పెంచనక్కరలేదు. ప్లీజ్ అనే మాట చివర ఉన్నా, అడగవలసింది మాత్రం అడగాలి. దుకాణదారులందరూ మోసగాళ్ళని నేను అనడం లేదు. సమ్మె రోజుల్లో, జీతం రాని నెలల్లో ఉద్దెర ఇచ్చి మనల్ని నిలబెట్టిన కిరాణం షాపులవాళ్ళు మన మధ్యే ఉన్నారు. మంచి దుకాణదారుకు బిల్లు అడిగితే కోపం రాదు.

తల్లిదండ్రులకు నాదొక విన్నపం. వారానికి ఒకరోజు వంటింట్లోని ప్యాకెట్లు ముందు పెట్టి, పది మాటలు చదివి తెలుగులో అర్థం చెప్పమని పిల్లల్ని అడగండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. "అంటే ఏంది?" అని అడగడం వస్తే చాలు. నేను ఆ రోజు తడబడింది ఆ ప్రశ్న దగ్గరే.

పిల్లలూ, ఈ ఉపకార వేతనంతో మీరు పుస్తకాలో, సంచో, కాలిక్యులేటరో కొంటారు. ఆ కొనుగోలుకు బిల్లు అడిగి తీసుకోండి. ఇంట్లో ఒక ఫైలు పెట్టి మొదటి కాగితంగా దాన్ని దాచండి. మా బాపు ఆ మిక్సీని సొంత డబ్బుతోనే బాగుచేయించాడు. ఆ తరువాత ఆయన ఏది కొన్నా నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. ముందు కాగితం నా చేతికిచ్చి, "చదువు బిడ్డా, తొందరేం లేదు" అనేవాడు. నేను చదివి అర్థం చెప్పేదాకా జేబులోంచి డబ్బు తీసేవాడు కాదు.

మీ ఇంట్లో కూడా ఆ కాగితం చదివేది మీరే కావాలని కోరుకుంటున్నాను.