కడిగిన కారును ఆరబెట్టు గాలియంత్రము

మన ఆష్టిలో కారు కడుగుట సులభము, ఆరబెట్టుటయే కష్టము. సూర్జాగఢ్ ఇనుపఖనిజపు లారీలు లేపు ఎర్రదుమ్ము ఎంత కడిగినను ఏ మూలనో మిగిలియుండును. దానిపై తువ్వాలుతో రుద్దినచో రంగుమీద గీతలు పడును. మా దుకాణపు కారును మేమట్లే పాడుచేసికొంటిమి, తప్పు మాదే. తుడువకున్నను చిక్కే. బోరునీటి బొట్లు ఎండకారి తెల్లని మచ్చలగును.

అందుచే బ్లోయరు కొంటిమి. మొదట వాట్లు మాత్రమే చూచి మోసపోతిమి. నిమిషమున కెంత గాలి వచ్చును, ఎంత వేగముతో వచ్చును అను రెండును చూడవలెను. వేగముండి గాలి చాలని యంత్రము అద్దముల సందులకు, తలుపు పిడులకు పనికివచ్చును గాని, కప్పుమీది నీటిని తరుమజాలదు. బ్యాటరీది చేతికి తేలిక. చార్జి కొద్ది నిమిషములలో తీరిపోవును. తీగెది బరువు, రొద హెచ్చు. అయినను పని ముగియువరకు ఆగదు, కరెంటున్నచో!

గాలి పీల్చుచోట ఫిల్టరు లేనిదానిని ఊరక యిచ్చినను తీసికొనరాదు. మేము మొదట కొన్నది నేలదుమ్మును పీల్చి తడికారుపైననే చల్లినది. మూతికి రబ్బరు తొడుగుండవలెను. కప్పునుండి క్రిందికి ఊదవలెను. తడిచేతులతో ప్లగ్గు ముట్టరాదు. తీగెను నీటిలో పడనీయరాదు.

కొనదలచువారు మా యంత్రమును ఒకపూట తీసికొనిపోయి పరీక్షింపవచ్చును. ఆదివారము మాత్రము మాకే కావలెను.