ఎండిన వాగును నమ్మరాదు

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



"మాది కరవు సీమ, మాకు వరద భయమేమి?" అను మాటను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో మేము తరచుగా వినుచున్నాము. ఈ నమ్మకమెంత ప్రమాదకరమో 2009వ సంవత్సరము తెలిపినది. ఆ యేడు వానలు లేక పైరులు వాడినవి. రైతులు మబ్బుకై ఎదురుచూచిరి. అక్టోబరు మొదటి దినములలో కృష్ణా, తుంగభద్రలు ఒక్కసారిగా పొంగినవి. అలంపురము, రాజోలి మునిగినవి. రాజోలి నేతగాండ్ర మగ్గములు నీటిపాలైనవి. ఆవలి ఒడ్డున కర్నూలు నగరము జలమయమైనది. సెకనుకు 19 లక్షల ఘనపుటడుగుల వరదను లెక్కించి కట్టిన శ్రీశైలము ఆనకట్టకు సుమారు 25 లక్షల ఘనపుటడుగుల నీరు వచ్చినది.

పెద్దనది వరదకు కొంత ముందుమాట యుండును. జూరాల గేట్లు ఎత్తుచున్నారను వార్త ఊరికి చేరును. వాగునకు అట్టి గడువు లేదు. ఎగువన కొన్ని గంటలు కుండపోత కురిసినచో, చినుకు పడని ఊరి వాగు కూడ పొంగును. మోకాలి లోతు ప్రవాహము మనిషిని పడద్రోయగలదు. రెండడుగుల నీరు వాహనమునే కొట్టుకొనిపోగలదు.

కావున తొలకరికి ముందే మీరు చెరువుకట్టపై ఒకసారి నడచి చూడుడు. పూర్వము ఈ పనికి నీరటి యుండెడివాడు. బొరియలు, పగుళ్లు, తూము వద్ద ఊటలు కనిపించినచో నీటిపారుదల ఇంజనీరుకు వ్రాతమూలకముగా తెలుపుడు. మత్తడికి అడ్డముగా మట్టి పోయనీయకుడు. చేపలకై కట్టిన అడ్డు తీయించుడు. ఇసుక బస్తాలు సిద్ధముగా నుంచుడు.

వాతావరణ శాఖవారి హెచ్చరిక పసుపు రంగైన కనిపెట్టియుండవలెను, నారింజయైన సిద్ధపడవలెను, ఎరుపైన కార్యమునకు దిగవలెను. వెంటనే చాటింపు వేయించి, మట్టిగోడల ఇండ్లవారిని పాఠశాలకు చేర్చుడు. ఉరుము వినబడినచో పశుల కాపరులు, నాట్ల కూలీలు చెట్టు క్రిందికి గాక పక్కా కట్టడములోనికి పోవలెను. తెగిపడిన విద్యుత్తు తీగను ఎవరును తాకరాదు.

రాబోవు సమావేశమున పంచాయతీ పుస్తకములో నాలుగు పేర్లు వ్రాయుడు: కట్టను చూచువారెవరు? వాగు దారికి అడ్డు కట్టి నిలుచువారెవరు? వృద్ధులను, గర్భిణులను తరలించువారెవరు? తహసీల్దారుకు కబురు చేయువారెవరు? వాన మొదలైన రాత్రి ఈ పేర్లను వెదకుకొనుటకు వ్యవధి యుండదు. నేడే వ్రాయుడు.