పట్టికను ప్రశ్నించు విధము
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సమక్షమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మాటలాడదలచినది కంప్యూటరునందలి పట్టికలను గూర్చియు, వానిని ప్రశ్నించు పద్ధతిని గూర్చియు. పండుగ దినమున ఇట్టి విషయమేల యని కొందఱు తలంపవచ్చును. భాషాల్పసంఖ్యాకుల పాఠశాలకు సంఖ్యయే ప్రాణము. 1956 నాటి ఏడవ రాజ్యాంగ సవరణచే చేరిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశయందు మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలయునని ప్రతి రాష్ట్రమునకును, స్థానిక సంస్థకును చెప్పుచున్నది. ఆ సౌకర్యమును కోరునపుడు మనలను మొదట అడుగు ప్రశ్న యొక్కటే: మీ పిల్లలెందఱు?

మన బొమ్మనహళ్ళిలో ఈ ప్రశ్న సులభమైనది కాదు. హోసూరు రోడ్డు ప్రక్కన ఒకే వీథిలో కన్నడము, తెలుగు, తమిళము, ఉర్దూ, హిందీ వినబడును. చిత్తూరు, అనంతపురము సీమలనుండి వచ్చి దుస్తుల కర్మాగారములలో పనిచేయువారును, తరతరములుగా ఇచ్చటనే యున్న తెలుగువారును, సాఫ్ట్‌వేరు సంస్థల ఉద్యోగులును ఇరుగుపొరుగున నివసింతురు. ఎవరి బిడ్డ ఏ భాషవాడో రిజిష్టరు చెప్పవలసినదే. ఆ రిజిష్టరు నేడు డేటాబేసుగా మారినది.

పట్టికలుగా సమాచారమును అమర్చి, వానిని ఒకదానితో నొకటి కలిపి ప్రశ్నించు సిద్ధాంతమును ఐ.బి.ఎం. సంస్థయందలి ఎడ్గార్ కాడ్ 1970లో ప్రకటించెను. అదే సంస్థలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయిస్ అనువారు 1974లో వెలువరించిన ప్రశ్నల భాషయే నేటి ఎస్.క్యూ.ఎల్.కు మూలము. ప్రోగ్రాములు వ్రాయువారు మాత్రము పైథాన్ వంటి వేఱు భాషలో పనిచేయుచు, ‘విద్యార్థి’, ‘తరగతి’ అనువానిని వస్తువులుగా భావింతురు. ఈ రెంటికి నడుమ దుబాసీగా నిలుచునది ఓ.ఆర్.ఎం. అను లైబ్రరీ. 2005లో వెలువడిన జాంగో నందు అట్టి దుబాసీ యొకడు కలడు. 2006లో వచ్చిన ఎస్.క్యూ.ఎల్.ఆల్కెమీ మఱియొకడు. దుబాసీ యెంత నమ్మకస్తుడైనను, ఆతడు మన మాటను ఎట్లు చెప్పుచున్నాడో అప్పుడప్పుడు వినుచుండుట యజమానికి మేలు. ఈ లైబ్రరీలు తాము పంపు ఎస్.క్యూ.ఎల్. వాక్యమును అడిగినచో చూపును. దానిని చదువుట నేర్చినవాడు సులభముగా మోసపోడు.

ప్రశ్నను అంచెలంచెలుగా కట్టవలయును. మొదట ‘విద్యార్థులందఱు’ అందుము. పిదప ‘ఒకటి మొదలు అయిదు తరగతులవారు’ అని వడపోయుదుము. తరువాత ‘మాతృభాష తెలుగు గలవారు’ అందుము. ప్రతి అంచెయందును ఒక క్రొత్త ప్రశ్న పుట్టును, పాతది చెడదు. ఫలితమును అడుగువఱకు డేటాబేసు గడప త్రొక్కుటయు జరుగదు. కావున ఏ అంచెకాయంచె ఆగి, లెక్క మాత్రము అడిగి చూచుకొనవచ్చును. ఇదియే మేము నొక్కి చెప్పదలచిన మొదటి మాట. చివరి సంఖ్యను మాత్రమే చూచువానికి తప్పు ఎచ్చట దూరినదో తెలియదు.

ఒక ఉదాహరణము. ప్రాథమిక తరగతులలో 150 మంది పిల్లలున్నారనుకొందము. ‘తెలుగు’ అని వడపోయగా 62 మంది వచ్చిరి. ‘తెలుగు కానివారు’ అని అడుగగా 70 మంది వచ్చిరి. కూడిన 132. తక్కిన 18 మంది ఏమైరి? వారి మాతృభాష గడి ఖాళీగా నున్నది. ఎస్.క్యూ.ఎల్. ధర్మము ప్రకారము ఖాళీ గడి దేనికిని సమానము కాదు, అసమానమును కాదు. అది ‘తెలియదు’ అను మూడవ స్థితి. అందుచే ఆ పిల్లలు రెండు లెక్కలనుండియు జారిపోయిరి. ఇందు ఇంకొక చిక్కు గలదు. జాంగోలో ‘తెలుగువారిని మినహాయింపుము’ అన్నచో ఖాళీ గడులవారు ఫలితమున చేరుదురు, ఎస్.క్యూ.ఎల్.ఆల్కెమీలో ‘తెలుగునకు సమానము కానిది’ అన్నచో చేరరు. ఇద్దఱు దుబాసీలు ఒకే భావమును రెండు విధముల చెప్పిరన్నమాట. కనుక ఖాళీలను ఎప్పుడును వేఱుగ, పేరుపెట్టి అడుగవలయును.

ఆ 70 మందిని భాషలవారీగా విడదీసి చూచిన ఇంకొక సంగతి బయటపడవచ్చును. అందు 12 మందికి ‘తెలుగు’ అను మాట కన్నడ లిపిలో వ్రాయబడి యున్నదనుకొందము. మన రెండు లిపులును చూపునకు అక్కచెల్లెండ్రు. కాని యూనికోడ్ నందు తెలుగునకు 128 స్థానముల ఖండమొకటి, దాని వెంటనే కన్నడమునకు మఱియొక 128 స్థానముల ఖండము కలవు. యంత్రమునకు అవి వేఱు వేఱు మాటలు. ‘ఇది గాని, అది గాని’ అని షరతులు చేర్చి తాత్కాలికముగా గట్టెక్కవచ్చును. భాషలకు ప్రత్యేకముగ నొక పట్టిక యేర్పఱచి, విద్యార్థి వరుసలో దాని సంకేతమును మాత్రము ఉంచుట శాశ్వతమైన మార్గము. అపుడు లెక్క 62 కాదు, 74 అగును. పండ్రెండుమంది పిల్లలు ఒక లిపి భేదముచే మనవారు కాకపోవుట స్వల్ప విషయమా?

లెక్క పెరుగు దోషమును కలదు. విద్యార్థుల పట్టికను సంరక్షకుల పట్టికతో కలిపినపుడు, తల్లి పేరును తండ్రి పేరును గల బిడ్డ రెండు వరుసలుగా వచ్చును. వరుసలను లెక్కించువాడు ఒక బిడ్డను ఇద్దఱని వ్రాయును. ఎవరిని లెక్కించుచున్నామో ఆ బిడ్డ సంఖ్యనే ఒక్కొక్కమాఱు లెక్కింపవలయును. తక్కువ చూపుట మనకు నష్టము; ఎక్కువ చూపుట అసత్యము. అసత్యముపై నిలిచిన అర్జీ మఱుసటి యేడు మన నిజమైన అర్జీని గూడ ముంచును.

వేగమును గూర్చి ఒక్క మాట. 150 మంది పిల్లల జాబితా తెచ్చి, పిదప ఒక్కొక్కరి సంరక్షకుని వివరమునకై మరల మరల అడిగినచో 151 ప్రశ్నలగును. బంట్రోతును ఒక్కొక్క కాగితమునకై బీరువా యొద్దకు పంపినట్లుండును. కావలసినదానిని ముందే చెప్పి ఒకటి రెండు ప్రశ్నలలో తెప్పించుకొను సదుపాయము ఈ లైబ్రరీలలో నున్నది. అట్లే, సంఖ్య మాత్రమే కావలసినచో పేర్లు, చిరునామాలు తెప్పింపనక్కఱలేదు. పిల్లల వివరములు ఎంత తక్కువ తిరిగిన అంత క్షేమము.

తల్లిదండ్రులారా! వ్రాయని విషయమును ఎంత చక్కని ప్రశ్నయు రాబట్టజాలదు. ఆ 18 ఖాళీ గడులను నింపగలవారు మీరే. కొందఱు బిడ్డకు మేలగునని తలచి మాతృభాష గడిలో ఇంగ్లీషు అనియో, పాఠశాలయున్న రాష్ట్రభాషయే వ్రాయవలయునను భ్రమచే కన్నడమనియో వ్రాయించుచున్నారు. కన్నడము మనకు అన్నము పెట్టుచున్న నేల భాష. దానిని మన పిల్లలు శ్రద్ధతో నేర్వవలయును, నేర్చుచున్నారు. కాని ఆ గడి అడుగునది బిడ్డ నేర్చు భాషను కాదు, ఇంటిలో తల్లి పలుకు భాషను. ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు. చేర్పు పత్రముయొక్క అచ్చు ప్రతిని అడిగి తీసికొని, ఆ గడిని మీ కన్నులతో చూచి సంతకము చేయుడు.

మీలో ఈ విద్య తెలిసినవారు పెక్కుమంది గలరు. ఏడాదికొక దినము పాఠశాలకు వచ్చి, మా లెక్కలను అంచెలంచెలుగా పరీక్షించి, ఖాళీలెన్ని, జంట వరుసలెన్ని యని మాకు చూపగోరుచున్నాము. మన సంఖ్య నిజమైనదని మనమే ముందుగా నమ్మినపుడు, దానిని ఏ కార్యాలయమునందైనను తల యెత్తి చెప్పగలము.