ముగ్గు పోయక ముందే ప్లాను

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవారు. మేము ఆ రెండూ ఒకే ఏడాదిలో చూచినవారము. అందుకే కాబోలు, ఇంజనీర్లూ వకీళ్లూ ఇందరుండగా, రైల్వేలో గుమాస్తా పని చేసుకొనే మమ్ము కార్యదర్శిగారు ఈ విషయమై మాట్లాడుమన్నారు. మేము చదివినది మెట్రిక్ వరకే. మాకు జరిగినది చెప్పి, దానివల్ల తెలుసుకొన్నది చెప్పుతాము.

మన పెరంబూరు తెలుగు కుటుంబాలు చాలావరకు రైలును నమ్ముకొని వచ్చినవే. పాత వర్క్‌షాపులో పనికి తాతలు వచ్చారు. 1955లో ప్రారంభమైన రైలుపెట్టెల కర్మాగారానికి తండ్రులు వచ్చారు. వారు కొన్నవి చిన్న చిన్న స్థలాలు. ఇప్పుడు సంసారాలు పెరిగినవి, స్థలము పెరగలేదు. పైకి కట్టుకోవలసిందే.

2022లో మా తమ్ముడి పెళ్లి నిశ్చయమైనది. నాన్నగారు కట్టిన ఇంటిపైన రెండు గదులు వేద్దామనుకొన్నాము. ప్లాను సంగతి ఎత్తితే మేస్త్రి నవ్వి, “పాత ఇంటిమీద గదికి ప్లానేమిటండీ! శని, ఆదివారాల్లో స్లాబు వేసేస్తే అడిగే నాథుడుండడు” అన్నాడు. అతనిని తప్పుపట్టము. ఆ మాట వినాలని మాకే ఉన్నది. పైగా ఇంటిపన్ను రసీదులు బీరువాలో భద్రంగా ఉన్నవి గదా అని ధైర్యము. పన్ను కట్టడము వేరు, ఇల్లు కట్టడము వేరు అని తరువాత తెలిసింది. అనుమతి లేని ఇంటికి కూడ పన్ను వేస్తారు. వేసినంత మాత్రాన ఆ ఇల్లు సక్రమము కాదు.

గది విశాలంగా ఉంటుందని పడమటి గోడను రెండడుగులు బయటికి జరిపాము. ఆ వైపున పక్కింటి పిన్నిగారి వంటగది కిటికీ ఉన్నది. ఆమె రెండుసార్లు వచ్చి, “నాయనా, పొద్దుటి వెలుతురు పోతున్నది, కాస్త చూడు” అన్నారు. “చూస్తాం పిన్నీ” అన్నాము. చూడలేదు. గోడ నడుమెత్తు లేచిన పిమ్మట ఆమె అర్జీ పెట్టారు. నోటీసు వచ్చింది, పని ఆగింది. (పిన్నిగారు రెండవ వరుసలో కూర్చున్నారు. ఈ సంగతి చెప్పడానికి మాత్రము వారి అనుమతి ముందుగానే తీసుకొన్నాము.)

అయిదు నెలలు ఇనుప చువ్వలు తుప్పు పట్టినవి. పెళ్లి ముహూర్తము మనకోసము ఆగదు గదా. కొత్తకోడలు హాలులో చీర అడ్డము కట్టుకొని కాపురము మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లుగా కూరగిన్నెలు అటూ ఇటూ నడిచిన రెండిళ్ల మధ్య మాటలు లేవు. మా అమ్మకు డబ్బు పోయిన దానికంటె అదే పెద్ద దిగులు.

చివరకు ఆ రెండడుగులూ పగులగొట్టించి, ఇంజనీరుచేత ప్లాను గీయించి, అనుమతి వచ్చాకనే తిరిగి మొదలుపెట్టాము. కట్టినందుకొక కూలి, కూల్చినందుకొక కూలి. రైల్వేవారి ఇంటి అడ్వాన్సు మాటా అంతే. 2017 నిబంధనలలో కొత్త ఇంటికి ముప్పైనాలుగు నెలల మూలవేతనము గాని 25 లక్షలు గాని, ఏది తక్కువైతే అది. ఉన్న ఇంటిని పెంచుకోడానికి 10 లక్షలకు మించకుండా. ఆమోదించిన ప్లాను లేనిదే ఆ దరఖాస్తు కదలదు. మేము నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాము. పదిమంది ఫారాలు సరిచూచే గుమాస్తా తన ఫారము మరచినాడు!

2024 జూలైలో తమిళనాడు ప్రభుత్వము స్వీయ ధ్రువీకరణ పద్ధతి పెట్టింది. 2,500 చదరపుటడుగులకు మించని స్థలములో, 3,500కు మించని ఇల్లు, కింద ఒకటి పైన ఒకటి అంతస్తులకు, కంప్యూటరులో అర్జీ పెట్టుకొంటే వెంటనే అనుమతి వస్తుంది. మనము వ్రాసినది అబద్ధమైతే బాధ్యత మనదే.

చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. క్రయ దస్తావేజు, పట్టా, సర్వే పటము కావాలి. మన ఇళ్లలో ఎందరి పట్టాలు ఇంకా తాతగారి పేరిట ఉన్నవో ఒకసారి చూచుకోండి. వారసత్వ పత్రము తెచ్చి పేరు మార్పించుకొనేసరికే నెలలు గడుస్తాయి. అది ఈ వారమే మొదలుపెట్టండి. రైల్వే సరిహద్దుకు 30 మీటర్లలోపు స్థలమైతే రైల్వేవారి అభ్యంతరము లేదను పత్రము కూడ కావాలి. పట్టాల పక్కనే పుట్టి పెరిగినవారికి ఇది చాదస్తముగా తోస్తుంది. కాని కావాలి. వాననీటి గుంట సంగతి చెప్పనక్కరలేదు, 2003 నుంచి తప్పనిసరి.

“వీధిలో అందరూ అట్లాగే కట్టారు గదా!” అంటారు. మేమూ అన్నాము. ఎంతకాలము గడిచినా, ఎంత సొమ్ము పోసినా అక్రమ నిర్మాణము సక్రమము కాబోదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న తేల్చి చెప్పింది.

మరి అనుమతి ఉంటే చాలునా? చాలదు. 2014 జూన్ 28న మౌలివాక్కములో కూలిన పదకొండంతస్తుల కట్టడానికి అనుమతి ఉండనే ఉన్నది. అరవైఒక్కమంది పోయారు. అందులో ఉత్తరాంధ్రనుంచి కూలికి వచ్చిన మనవారు ఎందరో ఉన్నారు. కాబట్టి ప్లాను గీసిన ఇంజనీరును పునాది తీసేనాడు, స్లాబు వేసేనాడు దగ్గర నిలబెట్టుకోండి. ఆ రెండు రోజుల ఫీజు బేరమాడకండి.

వచ్చే ఆదివారము మొదలు ఉదయము పదింటికి సంఘము గదిలో మేము, మరి ఇద్దరు మిత్రులము కూర్చుంటాము. కట్టదలచినవారు కాగితాలు తెచ్చి చూపండి. అసలు దస్తావేజులు ఇంట్లోనే ఉంచి నకళ్లు తీసుకురండి. పక్కింటివారిని వెంటబెట్టుకొని వస్తే మరీ మంచిది. పిన్నిగారు కాఫీ తెస్తామన్నారు.