తప్పులేని వ్రాతకు పసినాటి పునాది

(ఆలూరులో తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పిల్లవాడు మూడవ తరగతికి వచ్చియు నాలుగు మాటలు తప్పులేక వ్రాయలేకున్నాడని తల్లిదండ్రులు పంతులుగారి కడ మొరపెట్టుకొనుట పరిపాటి. పంతులుగారు చూచివ్రాత మరి పది పుటలు వ్రాయింతురు. ఫలము స్వల్పము. ఏలయన, ఆ లోపము మూడవ తరగతిలో పుట్టినది కాదు. మున్ముందు వ్రాత ఎట్లుండునో తెలుపు గుర్తులు మూడు మొదలు అయిదేండ్ల ప్రాయముననే కనబడును.

వానిలో ముఖ్యమైనది చెవికి సంబంధించినది. ఇంగ్లండునందలి ఆక్సుఫర్డులో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ అను పరిశోధకులు నాలుగైదేండ్ల పిల్లలు నాలుగు వందల మందికి కొన్ని మాటలు వినిపించి, అందు ధ్వని కలియని మాట ఏదని అడిగిరి. మన బిడ్డలకైనచో 'పాలు, పాప, పాము, గోడ' అని వినిపించి అడుగవచ్చును. కొన్నేండ్ల పిదప పరీక్షింపగా, ఆనాడు చక్కగా ఏరి చెప్పిన పిల్లలే చదువునందును, వర్ణక్రమమునందును ముందుండిరి. తెలివితేటల భేదమును లెక్కకు తీసికొన్నను ఈ సంబంధము నిలిచినది. వెనుకబడిన పిల్లలలో కొందరికి ధ్వనుల ఆటతోపాటు అక్షరపు బిళ్లలు చేతికిచ్చి నేర్పగా, శిక్షణ లేని తోడివారికంటె వారి వ్రాత ఎంతో మెరుగుపడినది. ఈ ఫలితములు 1983లో ప్రకటింపబడినవి.

ఆంగ్లలిపి వేరు, మన లిపి వేరు అని తమరు అనవచ్చును. నిజమే. మన లిపికి దాని చిక్కు దానికున్నది. 'పత్తి' అను మాటను చూడుడు. నోరు దానిని 'పత్' అనియు, 'తి' అనియు విరుచును. చేయి మాత్రము 'ప' వ్రాసి, పిదప 'త్తి' వ్రాయవలెను. ముందు ముక్కలో వినబడిన తకారము వెనుక అక్షరముతో పోయి చేరును. ఈ మెలకువ చిక్కని బాలుడు 'పతి' అని వ్రాయును. చేనిలోని పంట పెనిమిటి అగును! ఇట్టి అక్షరములు పట్టుబడుటకు కాలము పట్టును. కన్నడ బాలలను గూర్చి సోనాలీ నాగ్ గారు 2007లో ప్రకటించిన పరిశోధన, అక్షరాభ్యాసము మొదటి రెండు తరగతులతో ముగియదని చూపినది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువే. కావున ఒకటవ తరగతిలో వత్తులు రాలేదని బిడ్డను మొద్దు అనుట అన్యాయము.

ఆలూరు తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీన బళ్లారి జిల్లానుండి ఆంధ్రరాష్ట్రమున చేరినది. నేటికిని ఇచటి ఎన్నో ఇండ్లలో రెండు భాషలును వినబడును. దీనివలన చదువు చెడునని కొందరి భయము. మాకట్లు తోపదు. ఇంటిలో హాలు, హులి, హత్తి అని విని, వీధిలో పాలు, పులి, పత్తి అని వినెడి బిడ్డ మాటలోని తొలి ధ్వనిని విడదీసి గుర్తించుట నేర్చుకొనవచ్చును. చెవికి ఇంతకంటె మంచి సాధన ఏమి కలదు?

మరియొక గుర్తు పలకమీద ఉన్నది. నాలుగేండ్ల పాప తన పేరు తానే వ్రాయబూనును. 'పా' వ్రాయవలసిన చోట 'ప' వ్రాయును. అది తప్పే, కాని ఆ పాప ధ్వనిని పట్టినది. దీర్ఘము మాత్రమే మిగిలినది. ఇట్టి సొంత ప్రయత్నములు తరువాతి వర్ణక్రమ జ్ఞానమును ముందే సూచించునని పరిశోధకులు కనుగొనిరి. కోపించి పలక తుడిపింపకుడు. "పా... అని సాగదీసి పలుకుము తల్లీ" అనిన చాలును. అవ్వలు ఆడించు చెమ్మచెక్క, పెద్దపిల్లల అంత్యాక్షరి సైతము ఈ చదువులోనివే. వీనికి కాణీ ఖర్చు లేదు.

కష్టమైన సంగతి వేరొకటి కలదు. వానలు తప్పిన ఏట ఈ ప్రాంతపు కుటుంబములు మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలసపోవుచున్నవి. చిన్నబిడ్డలును వెంట పోవుదురు. చెవి, చేయి కుదురుకొను ఆ వయస్సుననే అంగన్‌వాడీ నెలల తరబడి తప్పిపోవును. అవ్వాతాతలు ఊరనున్నచో, వారికి ఓపిక ఉన్నచో, బిడ్డను వారికడ ఉంచుట మేలు. తప్పనిసరియై తీసికొనిపోవువారు పలక, బలపము మూటలో పెట్టుకొనుడు. చేరిన ఊరిలో అంగన్‌వాడీ ఎక్కడ ఉన్నదో మేస్త్రీని తొలినాడే అడుగుడు.